నీటి జీవసమాజాల్లో లక్షణ వైవిధ్యం

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో రైతు ఒకే రకం పిల్లను వదిలి ఊరుకోడు. శీలావతికి తోడు బొచ్చెను వదులుతాడు, కొన్నిచోట్ల ఎర్రమోసునూ కలుపుతాడు. బొచ్చె నోరు పైకి తెరుచుకుంటుంది. అది పైనీటిలో తిరుగుతూ జంతు ప్లవకాల్ని వడపోసుకుంటుంది. శీలావతి నడినీటిలో మేస్తుంది. ఎర్రమోసు నోరు కిందికి వంగి ఉంటుంది కనుక అడుగున పేరుకున్న కుళ్లును ఏరుకు తింటుంది. 1971లో మన దేశంలో మొదలైన మిశ్రమ చేపల పెంపకపు సమన్వయ పరిశోధన పథకం ఈ లెక్క మీదే నిలబడింది. ఇంచుమించు అదే కాలంలో హిమాచల్ ప్రదేశ్‌లోని గోవింద్‌సాగర్ జలాశయంలోకి సిల్వర్ కార్ప్ అనే చైనా చేప అనుకోకుండా చేరింది. అది కూడా పైనీటిలో ప్లవకాలు వడపోసుకునేదే. జాతుల పట్టికలో ఒక పేరు పెరిగింది గానీ, కొన్నేళ్లలోనే బొచ్చె వెనకబడిపోయి వలల్లో సిల్వర్ కార్ప్ నిండింది. ఒకచోట జాతులు పెరిగితే చెరువు నిండుగా పండింది, మరోచోట జాతి పెరిగితే ఉన్నది పోయింది. ఈ రెండింటినీ ఒకే సూత్రంతో వివరించాలంటే జాతుల పేర్లు లెక్కపెట్టడం చాలదు. ఏ జీవి ఏం చేయగలదు, ఎంత తేడాగా చేయగలదు అన్నది చూడాలి. ఆవరణ శాస్త్రంలో దీన్నే లక్షణ వైవిధ్యం అంటారు.

లక్షణం అంటే ఒక జీవి బతుకు మీద, ఎదుగుదల మీద, సంతానం మీద ప్రభావం చూపే గుణం. ఆ జీవి మీదే కొలవదగిన గుణం. నీటిలో అన్నిటికన్నా ముందు చెప్పవలసింది పరిమాణం. కిరణజన్య సంయోగక్రియ జరిపే జీవుల్లో అతి చిన్నదైన ప్రోక్లోరోకాకస్ అడ్డుకొలత 0.6 మైక్రోమీటర్ల దరిదాపు ఉంటుంది. సముద్రంలో దాని ఉనికిని లోకానికి ప్రకటించింది 1988లో మాత్రమే. గొలుసులు కట్టే డయాటమ్‌లు దానికి వందల రెట్లు పెద్దవి. చిన్న కణానికి ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ, కనుక పోషకాలు పలచగా ఉన్న నీటిలో కూడా అది వాటిని త్వరగా పీల్చుకుంటుంది. పెద్ద కణం త్వరగా మునిగిపోతుంది: సాంద్రత ఒకటే అయితే అడ్డుకొలత రెట్టింపైనప్పుడు మునిగే వేగం నాలుగింతలవుతుంది. కానీ అదే పెద్ద కణం చాలా నోళ్లలో పట్టదు. పొలంలో మేక ఆకును కొంత కొరికి వదిలేస్తుంది, మొక్క బతుకుతుంది. నీటిలో తిండి అంటే చాలా మటుకు మింగడమే. అందుకే నోటి కొలత, మేత కొలత ఇంత కీలకమవుతాయి. వీటికి రంగుద్రవ్యాలు, డయాటమ్‌ల సిలికా పెంకు, నీలి ఆకుపచ్చ శైవలాలు తేలడానికి వాడుకునే గాలి బుడగలు, గాలిలోని నత్రజనిని స్థిరీకరించే శక్తి, విషం, ముల్లు, గుంపు కట్టే స్వభావం చేరతాయి. ఈ తేడాలు మూడు అంతస్తుల్లో ఉంటాయి. ఒక జాతికీ మరో జాతికీ మధ్య తేడా మొదటిది. ఒకే జాతిలోని వంశాల మధ్య తేడా రెండోది. ఒకే జీవి పరిస్థితిని బట్టి తన రూపాన్ని మార్చుకోవడం మూడోది. ఈ మూడింటి మొత్తం ఒక నీటి సమాజంలో సంఖ్యలు ఎలా పెరుగుతాయో, ఎప్పుడు తరుగుతాయో నిర్ణయిస్తుందనీ, ఆ పెరుగుదల తరుగుదలలే తిరిగి లక్షణాల వైవిధ్యాన్ని తీర్చిదిద్దుతాయనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

ఈ ఆలోచనకు పుట్టుక ఒక చిక్కుప్రశ్నలో ఉంది. 1930లలో రష్యా శాస్త్రవేత్త గాజ్ పారమీసియం జాతుల్ని గాజు గొట్టాల్లో పెంచి, ఒకే వనరు మీద బతికే రెండు జాతులు చిరకాలం కలిసి ఉండలేవని చూపాడు. ఒకటి గెలుస్తుంది, రెండోది పోతుంది. అలాగైతే, వెలుతురు, భాస్వరం, నత్రజని, సిలికా వంటి వేళ్ల మీద లెక్కించదగిన వనరులు మాత్రమే ఉన్న సరస్సులో పదుల కొద్దీ శైవలాలు కలిసి ఎలా బతుకుతున్నాయి? 1961లో జి. ఈవ్లిన్ హచిన్‌సన్ ఈ ప్రశ్నను ప్లవకాల వైరుధ్యం అన్న పేరుతో సూటిగా అడిగాడు. (అంతకు దాదాపు ముప్ఫై ఏళ్ల ముందు, 1932 నాటి యేల్ ఉత్తర భారత యాత్రలో ఈయన లద్దాఖ్ సరస్సుల్ని పరిశీలించాడన్నది మనవారు గుర్తుంచుకోదగ్గ సంగతి.) జవాబుల్లో ఒకటి 1970లలో డేవిడ్ టిల్‌మన్ ప్రయోగాల నుంచి వచ్చింది. ఆస్టరియొనెల్లా, సైక్లోటెల్లా అనే రెండు డయాటమ్‌లలో మొదటిది తక్కువ భాస్వరంతో నెట్టుకురాగలదు, రెండోది తక్కువ సిలికాతో. టిల్‌మన్ ఒక్కోదాన్నీ విడిగా పెంచి ఆ అవసరాల్ని కొలిచాడు. ఆ కొలతల ఆధారంగా, రెండింటినీ కలిపినప్పుడు ఏ నిష్పత్తిలో ఏది గెలుస్తుందో, ఎక్కడ రెండూ నిలుస్తాయో ముందే చెప్పాడు. భాస్వరం కొరవడితే ఆస్టరియొనెల్లా, సిలికా కొరవడితే సైక్లోటెల్లా గెలిచాయి. నడిమి నిష్పత్తుల్లో రెండూ నిలిచాయి. 2004లో మాయ్కె స్టాంప్, ఆమె సహచరులు బాల్టిక్ సముద్రపు ఎర్ర, ఆకుపచ్చ సయనోబాక్టీరియాల్ని తెల్లని వెలుతురులో కలిపి పెంచితే, చెరొక రంగు కాంతిని పట్టుకుని రెండూ బతికాయి. రంగుద్రవ్యాల్ని మార్చుకోగల టోలిపోథ్రిక్స్‌ను వాటితో పోటీకి దించినప్పుడు, పక్కనున్నది వాడుకోని రంగు కాంతి వైపు అది ఒరిగింది. ఒకే వెలుతురు అనుకున్నది నిజానికి పంచుకోదగిన పలు రంగుల కాంతి.

ఈ ఉదాహరణలన్నిటి వెనుకా ఒక మూల్యం ఉంది. భాస్వరానికి నేర్పరి సిలికాకు కాడు. ముల్లు మొలిపించుకున్నది ఆ ఖర్చు మరోచోట భరిస్తుంది. విషం చేసేది పెరుగుదలలో వెనకబడుతుంది. అన్నిట్లోనూ మేటి అయిన జీవి ఒకటుంటే అది మిగతావాటిని తుడిచిపెట్టేది, వైవిధ్యం ఒక్క ఋతువు కూడా నిలిచేది కాదు. కనుక లక్షణ వైవిధ్యం అని మనం అనేది లక్షణాల రాశి మాత్రమే కాదు, వాటి మధ్య ఉన్న బేరాల చట్రం. ఏ బేరం ఎంత ఖరీదైనదో తెలియకుండా వైవిధ్యాన్ని ఒక సంఖ్యగా ప్రకటించే పరిశోధనలు చాలా ఉన్నాయి. అవి సమాజం ఎటు కదులుతుందో చెప్పలేవు.

ఈ చట్రం సంఖ్యల లయనే మార్చేస్తుందని స్పష్టంగా చూపినవి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు ప్రయోగాలు. అక్కడివారు కీమోస్టాట్ అనే గాజు పాత్రను వాడారు: ఒకవైపు నుంచి పోషక ద్రవం సన్నని ధారగా వస్తుంది, అంతే కొలత రెండోవైపు నుంచి బయటికి పోతుంది. పాత్రలో క్లోరెల్లా అనే పచ్చని ఏకకణ శైవలం, దాన్ని మేసే బ్రాకియోనస్ అనే రోటిఫర్ (సూక్ష్మ నీటి జంతువు) ఉంటాయి. 1920లలో లోట్కా, వోల్టెరా వేసిన గణితం నుంచి అందరూ ఎదురుచూసేది ఒకటి: మేత పెరుగుతుంది, దాని వెనకే మేసేది పెరుగుతుంది, మేత తరుగుతుంది, వెనకే మేసేదీ తరుగుతుంది. మేసే జీవి శిఖరం మేత శిఖరానికి పావు చక్రం వెనకగా రావాలి. ఫుస్‌మన్ బృందం 2000లో ప్రకటించిన ఫలితాల్లో చక్రాలైతే ఉన్నాయి గానీ, అవి లెక్కకన్నా చాలా పొడుగ్గా ఉన్నాయి. పైగా రోటిఫర్లు శిఖరాన ఉన్నప్పుడు శైవలం దాదాపు అడుగున ఉంది. గడియారాలు రెండూ ఎదురెదురుగా తిరుగుతున్నాయి. దీనికి కారణంగా ప్రతిపాదించిన ఊహల్ని గణిత నమూనాల్లో పెట్టి చూస్తే అన్నిటికన్నా బాగా కుదిరింది ఒకటే: శైవలం ప్రయోగం నడుస్తుండగానే పరిణామం చెందుతోంది. 2003లో యోషిదా, జోన్స్, ఎల్నర్, ఫుస్‌మన్, హెయిర్‌స్టన్ దీన్ని తేల్చారు. ఒకే క్లోన్ (జన్యుపరంగా అచ్చు ఒకేలాంటి వంశం) నుంచి వచ్చిన క్లోరెల్లా ఉన్న పాత్రల్లో చక్రాలు పొట్టిగా, పాఠ్యపుస్తకం చెప్పిన పావు చక్రపు ఎడంతో నడిచాయి. పలు క్లోన్లు కలిసిన పాత్రల్లో పొడుగాటి ఎదురెదురు చక్రాలు వచ్చాయి. పాత్ర, ద్రవం, జాతులు అన్నీ ఒకటే. తేడా అంతా ఆ శైవలంలో వారసత్వ వైవిధ్యం ఉందా లేదా అన్నదే.

లోపల జరిగింది ఇది. రోటిఫర్లు ఎక్కువైనప్పుడు, తిన్నా పెద్దగా ఒంటబట్టని క్లోన్లు మిగిలి పెరుగుతాయి. ఇవి ఎన్ని ఉన్నా రోటిఫర్లకు ఆకలే, అవి తగ్గిపోతాయి. మేసేవి తగ్గాక రక్షణకు విలువ పోతుంది, పోషకాల కోసం పోటీలో చురుకైన, రుచికరమైన క్లోన్లు పైకి వస్తాయి. అప్పుడు మాత్రమే రోటిఫర్లు మళ్లీ కోలుకుంటాయి. మేత ఎంత ఉందన్నదానికి మేత ఎలాంటిదన్న రెండో అల తోడైంది, ఆ అల వల్లే చక్రం సాగింది. 2007లో ఇదే బృందం మరింత విచిత్రమైన స్థితిని వివరించింది. రోటిఫర్ల సంఖ్య ఊగుతున్నా, శైవలపు మొత్తం సంఖ్య దాదాపు కదలకుండా ఉంది. రక్షణ ఉన్నవీ లేనివీ ఒకదాని స్థానంలో మరొకటి సరిగ్గా భర్తీ అవుతుంటే బయటి నుంచి మేత నిశ్చలంగా కనిపిస్తుంది. లోపల మాత్రం మలుపు తర్వాత మలుపు. బాక్టీరియా, వాటిని చంపే ఫేజ్ వైరస్‌ల జంటలోనూ ఇదే కనిపించింది. సంఖ్యలు రెండూ కలిసి ఊగడం లేదు కనుక వీటి మధ్య సంబంధం లేదని సరస్సు గణాంకాల నుంచి తీర్పు చెప్పేవారికి ఈ ఫలితం గట్టి హెచ్చరిక.

గణితంలో దీన్ని చిన్నగా చెప్పవచ్చు. ఒక సమాజపు సగటు లక్షణం ఎంత వేగంగా కదులుతుందన్నది రెండింటి లబ్ధం: ఆ లక్షణంలో ఉన్న వ్యత్యాసం ఎంత, ఆ లక్షణం మారితే పెరుగుదల ఎంత మారుతుంది. ఆర్. ఎ. ఫిషర్ ప్రకృతి వరణం గురించి చెప్పిన మాటకు ఇది దగ్గరి చుట్టం. 2001లో యోన్ నోర్‌బెర్గ్, సహచరులు దీన్ని జాతులతో కూడిన మొత్తం సమాజానికి విస్తరించారు. వ్యత్యాసం సున్నా అయితే ఒత్తిడి ఎంత ఉన్నా సగటు కదలదు. వ్యత్యాసం విస్తారంగా ఉంటే ఏ క్షణానైనా సమాజంలో కొంత భాగం సరిపడనిదే అయి ఉంటుంది, అంటే ఆనాటి దిగుబడి కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదల రేపటి మార్పుకు కట్టిన బయానా. ఈ మార్పు ఎక్కడి నుంచి వస్తుందన్న దానికి గణితం పట్టింపు లేదు. ఒక జాతి పోయి మరో జాతి రావచ్చు, ఒక క్లోన్ స్థానంలో మరో క్లోన్ రావచ్చు, ప్రతి జీవీ తనంతట తాను మారనూవచ్చు. కానీ వేగాలు వేరు, ఖర్చులు వేరు. అందుకే ఫలితమూ వేరవుతుంది.

మూడో దారి ఎంత భిన్నమో రోటిఫర్లే చూపుతాయి. బ్రాకియోనస్‌ను ఆస్‌ప్లాంక్నా అనే పెద్ద రోటిఫర్ వేటాడుతుంది. ఆస్‌ప్లాంక్నా నీటిలో విడిచే రసాయనం వాసన తగిలిన బ్రాకియోనస్ తల్లి, పొడుగాటి ముళ్లున్న పిల్లల్ని కంటుంది. 1950లలో ద బోషాంప్, 1966లో జాన్ గిల్బర్ట్ దీన్ని వెలుగులోకి తెచ్చారు. నీటి ఈగ అనిపించుకునే డాఫ్నియా పులెక్స్ పిల్లలు, కెయొబోరస్ అనే దోమజాతి పురుగు లార్వా ఉన్న నీటిలో మెడ మీద చిన్న పళ్లు మొలిపించుకుంటాయి. సెనెడెస్మస్ అనే శైవలం మేసేవాటి జాడ తగలగానే గుంపులు కడుతుంది. వెర్షూర్, ఫాస్, వాన్ డెర్ స్టాప్ 2004లో ఇలా రక్షణను అవసరాన్ని బట్టి తొడుక్కునే శైవలాల్ని, తొడుక్కోలేని శైవలాల్ని పక్కపక్కన పెట్టి, రోటిఫర్లతో ఆహార గొలుసులు కట్టి చూశారు. తొడుక్కోలేని వాటితో సంఖ్యలు విపరీతంగా ఎగసి పడ్డాయి. తొడుక్కోగలిగిన వాటితో ఊపు అణిగింది. క్లోన్ల ఎంపిక చక్రాన్ని సాగదీస్తే, జీవి స్వయంగా మారగలగడం చక్రాన్ని చల్లార్చింది. వైవిధ్యం ఎక్కువైతే వ్యవస్థ స్థిరపడుతుందని ప్రచారంలో ఉన్న మాటను ఈ రెండు ప్రయోగాలు కలిసి ఆపి ప్రశ్నిస్తాయి. స్పందన ఎంత త్వరగా వస్తుందన్నది ఇక్కడ మూలం: ఆలస్యంగా వచ్చే స్పందన ఊపుకు తోడవుతుంది, వెంటనే వచ్చేది ఊపును మింగేస్తుంది. పర్యావరణ పరిరక్షణ కోసం వాదించేవారు వైవిధ్యాన్ని స్థిరత్వానికి పర్యాయపదంగా వాడడం మానుకోవాలని నా అభిప్రాయం. వాదన బలంగా ఉండాలంటే అది నిజమై ఉండాలి.

ఇదంతా గాజు పాత్రల ముచ్చట, సరస్సులో చలీ ఎండా గాలీ చేపా ఉంటాయి కదా అని అడగడం న్యాయమే. జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల నడుమ ఉన్న కాన్‌స్టాన్స్ సరస్సు ఇందుకు బాగా జవాబిస్తుంది. 20వ శతాబ్ది నడిమి నుంచి మురుగు, ఎరువుల భాస్వరంతో ఆ సరస్సు నిండిపోయింది. 1960, 70లలో డాఫ్నియాకు మంచి మేత కాని నీలి ఆకుపచ్చ శైవలాలు పెరిగాయి. డాఫ్నియా గడ్డు కాలానికి పెట్టే గుడ్లు అడుగు బురదలో పొరలుగా నిలిచిపోతాయి, దశాబ్దాల తర్వాత కూడా పొదుగుతాయి. హెయిర్‌స్టన్, లాంపెర్ట్, మరికొందరు 1999లో ప్రచురించిన పరిశోధనలో వేర్వేరు దశాబ్దాల పొరల నుంచి తీసిన గుడ్లను పొదిగించి, విషపు శైవలం కలిపిన మేత పెట్టారు. మురుగు పెరగడం మొదలైన నాటి వంశాల ఎదుగుదల బాగా దెబ్బతింది. తర్వాతి పొరల వంశాలు తట్టుకున్నాయి. రెండు దశాబ్దాల లోపు ఒక సరస్సులోని ప్రధాన మేపరి లక్షణమే మారిపోయింది, దాంతో ఆ శైవలాన్ని అదుపు చేసే శక్తీ మారింది.

ఇంకో జవాబు కనెక్టికట్ సరస్సులది. ఏల్‌వైఫ్ అనే చేపకు దగ్గరి చుట్టమైన హెర్రింగ్ చేప చేరిన క్రిస్టల్ సరస్సులో 1942 నాటి ప్లవకాల్నీ 1964 నాటి ప్లవకాల్నీ బ్రూక్స్, డాడ్‌సన్ పోల్చారు. చేప రాకముందు పెద్ద డాఫ్నియాలు ఏలిన నీటిలో, వచ్చాక చిన్న బాస్మినాలు మిగిలాయి. ఎక్కువగా కనిపించే కొలత 0.8 మిల్లీమీటర్ల దరిదాపు నుంచి 0.3 దరిదాపుకు పడిపోయింది. 1965లో వచ్చిన ఆ వ్యాసం కళ్లతో వేటాడే చేప పెద్దవాటిని ఏరుకుంటుందన్న సంగతిని స్థిరపరిచింది. కథ అక్కడితో ఆగలేదు. కొన్ని ఏల్‌వైఫ్ గుంపులు సముద్రానికి వెళ్లి వస్తాయి. మరికొన్ని వలస పాలన నాటి ఆనకట్టలు దారి మూసేయడంతో సరస్సుల్లోనే చిక్కుకుపోయాయి. ఏడాది పొడుగునా అక్కడే ఉండి పెద్ద ప్లవకాల్ని తినేసిన ఈ చిక్కుకున్న చేపల నోరు చిన్నదైంది, మొప్పల్లో జల్లెడ పళ్లు దగ్గరపడ్డాయి. చిన్న మేతను పట్టడానికి అనువైన రూపం వచ్చింది. డేవిడ్ పోస్ట్, ఎరిక్ పాల్కొవాక్స్ వంటివారు దీన్ని వివరించారు. చేప మేతను మార్చింది, మారిన మేత చేపను మార్చింది. ఒక మెట్టు మీది మార్పు మరో మెట్టు మీది మార్పుతో ఇలా ముడిపడి తిరగడం కీమోస్టాట్‌లో రోజుల మీద చూసినదే; ఇక్కడ శతాబ్దాల మీద జరిగింది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. జాతుల తేడాలు నిజమే అయినా, సంఖ్యల ఎత్తుపల్లాలకు అవి అవసరమా? 2001లో స్టీఫెన్ హబ్బెల్ తటస్థ సిద్ధాంతాన్ని పుస్తకంగా ప్రకటించి, జాతులన్నీ సమానమే అనుకున్నా యాదృచ్ఛికంగా పుట్టి చావడంతోనే వైవిధ్యపు చాలా నమూనాలు వస్తాయని వాదించాడు. అడవి చెట్ల మీద పుట్టిన ఈ వాదన ప్లవకాల దగ్గర నిలవడం కష్టం. సమశీతోష్ణ దేశాల సరస్సుల్లో ఏటా ఇంచుమించు ఒకే వరస నడుస్తుంది: వసంతంలో త్వరగా పెరిగే చిన్న శైవలాలు, వాటి వెనక చిన్న మేపరులు, ఆ తర్వాత డాఫ్నియాలు, అవి నీటిని వడపోసేయడంతో అడుగు కనిపించే తేటనీటి దశ, ఎండాకాలంలో మింగడానికి కష్టమైన పెద్ద శైవలాలు. 1986లో సోమర్, గ్లివిచ్, లాంపెర్ట్, డంకన్ ఈ వరసను క్రోడీకరించారు. పాచికలు వేస్తే ప్రతి ఏడూ అవే అంకెలు అదే క్రమంలో పడవు. వరస నిలవడానికి కారణం లక్షణాలే. అయితే హబ్బెల్ హెచ్చరికలో సారం లేకపోలేదు. ఏ లక్షణాన్ని కొలిచినా దానికో కథ అల్లడం సులువు. అందుకే టిల్‌మన్ చేసినట్టు ముందుగా కొలిచి, తర్వాత పందెం కట్టే పరిశోధనలకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

వరస నిలుస్తుంది అనగానే ప్రతిదీ ముందే చెప్పగలమనుకోకూడదు. హైస్‌మన్, వైసింగ్ 1999లో వనరుల కోసం పోటీ ఒక్కటే జాతుల మధ్య ఆగని ఊగిసలాటనూ, కయాస్ అనే ముందే చెప్పలేని గందరగోళాన్నీ పుట్టించగలదని లెక్కల్లో చూపారు. బాల్టిక్ నుంచి తెచ్చిన ప్లవకాల్ని ఒకే వెలుతురు, ఒకే ఉష్ణోగ్రతలో 2,300 రోజులకు పైగా ఉంచి వారానికి రెండుసార్లు లెక్కించిన ప్రయోగం 2008లో వెలువడింది. బెనింకా నాయకత్వంలోని ఆ బృందం అక్కడ కయాస్‌ను నిజంగానే చూసింది, జాతుల సంఖ్యల్ని పదిహేను నుంచి ముప్ఫై రోజులకు మించి ముందుగా చెప్పలేమని తేల్చింది. లక్షణాల దృష్టికి ఇది దెబ్బ కాదు. ఏ డయాటమ్ వచ్చే నెలలో ముందుంటుందో చెప్పలేకపోయినా, చిన్నవి ఎక్కువా పెద్దవి ఎక్కువా, మింగదగినవా కావా అన్నది చెప్పడానికి వీలుండవచ్చు. వర్షం ఏ వీధిలో పడుతుందో తెలియకపోయినా కార్తె తెలిసిన రైతు విత్తనం సిద్ధం చేసుకుంటాడు.

ఇంతకీ ఈ వ్యత్యాసం కరిగిపోకుండా ఎలా నిలుస్తుంది? ఎంపిక జరిగిన ప్రతిసారీ ఓడినవి తగ్గుతాయి, వైవిధ్యం ఖర్చవుతుంది. ఒత్తిడి ఒకే దిక్కుగా సాగితే అది అయిపోతుంది కూడా. ఊగిసలాటే దానికి రక్షణ: దిక్కు మారినప్పుడల్లా నిన్న ఓడినది ఇవాళ గెలుస్తుంది. కానీ మధ్యలో పూర్తిగా మాయమైపోకుండా ఎక్కడో నిల్వ ఉండాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనైడా సరస్సులో రెండు డాఫ్నియా జాతుల ముప్ఫై ఏళ్ల లెక్కల్నీ, బురదలోని గుడ్లనూ కార్లా కాసెరెస్ 1997లో కలిపి చూసింది. ఏడాదికో జాతికి అనుకూలంగా ఉంటుంది. చెడ్డ ఏళ్లను గుడ్ల రూపంలో దాటించడమే వాటి సహజీవనానికి ఆధారాల్లో ఒకటి. అడుగు బురద చెత్త కాదు, గరిసె.

ఆ నిల్వ లేని చోట ఏమవుతుందో తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు చెబుతుంది. దాదాపు 68,800 చదరపు కిలోమీటర్ల ఆ నీటిలో హాప్లోక్రోమిస్ బంధువులైన చిన్న చేపలు ఐదు వందల జాతుల వరకూ ఉండేవి. శైవలం మేసేవి, నత్తల్ని నలిపేవి, పురుగుల్ని ఏరుకునేవి, తోటి చేపల్ని తినేవి అంటూ దవడలు, పళ్ల ఆకారంలోనే పనులు పంచుకున్నాయి. 1950లలో వదిలిన నైలు పెర్చ్ అనే పెద్ద వేటచేప 1980లలో విపరీతంగా పెరిగింది. అదే కాలంలో నీరు మురికెక్కి, అడుగున ప్రాణవాయువు తగ్గింది. రెండు వందల జాతుల వరకూ పోయి ఉంటాయని అంచనా. బురద తినే చేపల స్థానాన్ని చాలా మటుకు ఒక రొయ్య, ప్లవకాలు తినేవాటి స్థానాన్ని డాగా అనే చిన్న వెండి చేప ఆక్రమించాయి. పనులు కొంత మేరకు నడిచాయి గానీ, వందల చేతులు చేసినది రెండు చేతుల మీదికి వచ్చింది. 1990లలో పెర్చ్‌ను గట్టిగా వేటాడిన తర్వాత కొన్ని చిన్న జాతులు తిరిగి కనిపించాయి. వాటిలో కొన్నింటి మొప్పలు పాతవాటికన్నా పెద్దవి, తినే మేత కూడా మారింది. మిగిలిన కొద్దిపాటి వ్యత్యాసం నుంచే ఆ మార్పు వచ్చింది. ఏమీ మిగలని జాతులకు ఆ అవకాశం రాలేదు.

తెలుగు నేల మీద ఈ శాస్త్రానికి సిద్ధంగా ఉన్న ప్రయోగశాల వాన మీద నిండి వేసవికి ఎండే చెరువే. ఉస్మానియాలో ఎ. ఆర్. జాఫర్ హైదరాబాద్ చేపల కుంటల శైవలాల మీద, ఆంధ్రలో ధనపతి రోటిఫర్ల మీద, నాగార్జున విశ్వవిద్యాలయంలో వై. రంగారెడ్డి కోపెపాడ్‌ల మీద చేసిన కృషితో ఏ జీవులు ఉన్నాయో చాలా వరకు మనకు తెలుసు. వాటి పక్కన కొలత, ముల్లు పొడవు, గుడ్డు నిల్వ వయసు అనే గడులు చేర్చి, అదే చెరువును వానల మొదట్లో, నిండుగా ఉన్నప్పుడు, ఎండే ముందు చూస్తే ఇక్కడి చక్రాలు ఐరోపా సరస్సుల చక్రాల్లాంటివా కావా అన్నది తేలుతుంది. మన చెరువుల్లో చలికాలపు విరామం ఉండదు. ఏటా వేసవే తుడిచి మళ్లీ మొదలుపెడుతుంది, ఆ మొదలు బురదలో దాగిన గుడ్ల నుంచే. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ కింద వేల చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు. నీటి నిల్వకూ నేల సారానికీ అది మేలు చేసే పని, చేయవలసిన పని. గుడ్లు ఎక్కువగా ఉండేది మాత్రం పూడికలో పైనున్న కొద్ది అంగుళాల్లోనే కనుక, తవ్వేటప్పుడు ఒక మూలన కొంత మేర పైమట్టిని కదపకుండా వదిలినా, పక్కకు తీసి పెట్టి తర్వాత తిరిగి పరిచినా ఆ గరిసె ఖాళీ కాదు.